అమెరికాలో డిగ్రీ ప్రవేశానికి రాసే కాలేజీ వ్యాసం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్మీడియట్ లేదా పన్నెండో తరగతి పూర్తి చేసి అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీకి దరఖాస్తు చేసుకునే విద్యార్థులు, వారి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు కూడా దరఖాస్తు పద్ధతి ఇదే కాబట్టి, వారికి ప్రత్యేకంగా ఎదురయ్యే సందేహాలను కూడా చేర్చాను.

కాలేజీ వ్యాసం అంటే ఏమిటి? ఎంఎస్ కోసం రాసే ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) లాంటిదేనా?

కాదు. ఎస్‌ఓపీలో విద్యార్థి తాను ఏ విభాగంలో పై చదువు చదవాలనుకుంటున్నాడో, అందుకు తన బీటెక్ ప్రాజెక్టులు, ఉద్యోగానుభవం ఎలా ఉపకరిస్తాయో చెప్పుకుంటాడు. దానిని చదివేవారు ఆ విభాగపు ఆచార్యులు. డిగ్రీ ప్రవేశానికి రాసే వ్యాసాన్ని చదివేవారు అడ్మిషన్ల కార్యాలయంలో పనిచేసే ఉద్యోగులు. పదిహేడేళ్ళ విద్యార్థికి పరిశోధన లక్ష్యాలు స్పష్టంగా ఉండాలని వారు ఆశించరు. ఈ విద్యార్థి ఎలా ఆలోచిస్తాడు, దేనిని పట్టించుకుంటాడు, తమ తరగతి గదుల్లోనూ హాస్టల్ గదుల్లోనూ ఇతడు ఎలాంటి మనిషిగా మెలగుతాడు అన్నవే వారు తెలుసుకోవాలనుకుంటారు. మన ఇళ్ళలో ఇంతకుముందు ఎంఎస్‌కు వెళ్ళిన అన్నయ్యో బావో తన ఎస్‌ఓపీని నమూనాగా పంపడం మామూలే. దానిని ఆప్యాయంగా అందుకుని పక్కన పెట్టడం మంచిది, ఎందుకంటే ఆ నమూనాను అనుసరించిన వ్యాసం దాదాపుగా బయోడేటాను వాక్యాలలోకి మార్చినట్టే ఉంటుంది.

దీనిని ఎక్కడ రాయాలి? ఎంత పొడవు ఉండాలి? ఏ అంశాలు ఇస్తారు?

వెయ్యికి పైగా కళాశాలలు కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తును అంగీకరిస్తాయి. ఇది 1975లో 15 ప్రైవేటు కళాశాలలతో మొదలైంది. ప్రతి సంవత్సరం ఆగస్టు 1న కొత్త దరఖాస్తు తెరుచుకుంటుంది. ఇందులో ప్రధాన వ్యాసం 250 పదాలకు తగ్గకుండా, 650 పదాలకు మించకుండా ఉండాలి. ఏడు అంశాలు ఇస్తారు: మీ నేపథ్యం లేదా ఆసక్తి, ఎదుర్కొన్న ఇబ్బంది లేదా వైఫల్యం, ఒక నమ్మకాన్ని ప్రశ్నించిన సందర్భం, ఊహించని విధంగా కృతజ్ఞత కలిగించిన విషయం, మీలో ఎదుగుదలకు కారణమైన ఘటన, కాలం మరిచిపోయేంతగా మిమ్మల్ని లీనం చేసే విషయం, చివరిగా మీకు నచ్చిన ఏదైనా అంశం. ఏడో అంశం ఉన్నందువల్ల నిజానికి విషయానికి హద్దులేమీ లేవు. కనుక అంశం ఎంచుకోవడం దగ్గర మల్లగుల్లాలు పడనక్కరలేదు. మొదట చెప్పదలుచుకున్నది రాసి, అది ఏ ప్రశ్న కింద ఇముడుతుందో తరువాత చూసుకోవచ్చు. ఒక అంశానికి ఎక్కువ విలువ, మరొక దానికి తక్కువ విలువ అనేది లేదు.

మార్కులు 98 శాతం ఉన్నాయి, అమెరికా కళాశాలల ప్రవేశ పరీక్ష శాట్‌లో మంచి స్కోరు వచ్చింది. అయినా వ్యాసం అంత ముఖ్యమా?

అది కళాశాలను బట్టి ఉంటుంది. పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో కొన్ని వ్యాసమే అడగవు, అడిగినా ప్రధానంగా మార్కులే చూస్తాయి. తీవ్రమైన పోటీ ఉండే కళాశాలల్లో మాత్రం మీ వంటి మార్కులే ఉన్న దరఖాస్తులు సీట్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తాయి. మార్కులు మిమ్మల్ని పరిశీలన దాకా తీసుకువెళతాయి, అక్కడి నుంచి వ్యాసాలు, ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు, తరగతి బయట చేసిన పనులు మాట్లాడతాయి. ఏ కళాశాల దేనికి ఎంత ప్రాధాన్యం ఇస్తుందో ఊహించనక్కరలేదు. చాలా విశ్వవిద్యాలయాలు కామన్ డేటా సెట్ అనే పత్రాన్ని ఏటా తమ వెబ్‌సైటులో ఉంచుతాయి. దానిలో సీ7 అనే పట్టికలో వ్యాసం 'చాలా ముఖ్యం', 'ముఖ్యం', 'పరిగణిస్తాం', 'పరిగణించం' అనే నాలుగింటిలో దేని కిందికి వస్తుందో స్పష్టంగా ఉంటుంది. కన్సల్టెన్సీ వారిని అడిగే ముందు ఈ పట్టికను చూడడం పది నిమిషాల పని.

దీనితో పాటు మరొక మాట చెప్పాలి. ఎంత గొప్ప వ్యాసమైనా బలహీనమైన మార్కులను కప్పిపుచ్చలేదు. వ్యాసం రాసే నేర్పు ఉంటే చాలు, హార్వర్డ్ ఖాయం అనే ప్రచారం నమ్మదగినది కాదు.

మా అబ్బాయి జీవితంలో చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ లేదు. ఉదయం కాలేజీ, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి హాస్టల్. ఏమి రాయాలి?

ఈ ప్రశ్నే అన్నిటికన్నా ఎక్కువగా వస్తుంది, దీనికి కారణం కూడా ఉంది. మన పరీక్షల్లో వ్యాసం అంటే పర్యావరణ కాలుష్యం గురించో, విద్యార్థులు–క్రమశిక్షణ గురించో గైడులో ఉన్నది చదివి అప్పగించడం. అందులో రాసేవాడి ఊసు ఉండకూడదు. పన్నెండేళ్ళు ఆ పద్ధతిలో సాగినవాడిని హఠాత్తుగా 'నీ గురించి చెప్పు' అంటే, ఏదో ఘనకార్యం ఉంటే తప్ప చెప్పడానికి తనకు అర్హత లేదనుకుంటాడు. తల్లిదండ్రులు కూడా ఒలింపియాడ్ పతకమో, అనాథాశ్రమంలో సేవో ఉంటే గాని వ్యాసం నిలబడదని అనుకుంటారు. పతకాల కోసం దరఖాస్తులో వేరే చోటు ఉంది. కార్యకలాపాల జాబితాలో పది అంశాల వరకు నమోదు చేయవచ్చు, పురస్కారాలకు మరో విభాగం ఉంది. అక్కడ ఒకసారి చెప్పినదానినే 650 పదాల్లో మళ్ళీ చెబితే చదివేవారికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

వెతకవలసింది సంఘటన కోసం కాదు, ఆ విద్యార్థి మనసు దేని దగ్గర పదే పదే ఆగుతుందో దాని కోసం. హాస్టల్ మెస్‌లో ఏ రోజు ఎంత అన్నం పారేస్తున్నారో లెక్క కట్టిన పిల్లవాడు ఉండవచ్చు. భౌతికశాస్త్రంలో సమాధానం సరిగ్గా వచ్చినా ఎందుకు వచ్చిందో తేలక, అధ్యాపకుడు తరువాతి అధ్యాయానికి వెళ్ళిపోయినా అక్కడే చిక్కుకుపోయిన అమ్మాయి ఉండవచ్చు. ఆదివారం నాడు ఫోను ఇచ్చే గంటసేపూ ఇంటికి మాట్లాడకుండా తమ్ముడికి లెక్కలు చెప్పినవాడు ఉండవచ్చు. వీటిలో ఏదీ పత్రికకెక్కే విషయం కాదు. కానీ వీటి వెనుక ఒక ప్రశ్న ఉంది, ఆ ప్రశ్నను ఈ ఒక్క విద్యార్థే వేసుకున్నాడు. పిల్లలతో మాట్లాడేటప్పుడు 'నువ్వు సాధించినది ఏమిటి' అని అడిగితే వారు బిగుసుకుపోతారు. 'ఇంట్లో అందరికీ విసుగు పుట్టించేలా నువ్వు దేని గురించి మాట్లాడతావు' అని అడిగితే చాలాసార్లు వ్యాసం అక్కడే దొరుకుతుంది.

ఒక ఉదాహరణతో చూపగలరా?

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. కృష్ణా జిల్లా అవనిగడ్డలో తహసీల్దారు కార్యాలయం ఎదురుగా ఒకాయనకు జిరాక్సు దుకాణం ఉంది. ఆయన కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ, సెలవు రోజుల్లో దుకాణానికి వచ్చేవారికి దరఖాస్తులు నింపిపెడతాడు. అతడి మొదటి ప్రతి సాధారణంగా ఈ ధోరణిలో ఉంటుంది: 'మా నాన్నగారి దుకాణంలో పేద ప్రజలకు సహాయం చేయడం ద్వారా నేను సహనం, నాయకత్వ లక్షణాలు, సామాజిక బాధ్యత నేర్చుకున్నాను. వారి కష్టాలు నా హృదయాన్ని కదిలించాయి. భవిష్యత్తులో సాంకేతిక పరిజ్ఞానంతో సమాజానికి సేవ చేయాలన్నదే నా ఆశయం.' ఇందులో తప్పు వాక్యం ఒక్కటి కూడా లేదు. కాని దుకాణం పేరు తీసేసి ఆసుపత్రి అనో, పాఠశాల అనో పెట్టినా ఈ పేరా చెక్కుచెదరదు, ఎవరు రాసినా ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు ఆ అబ్బాయిని కూర్చోబెట్టి, ఫారం నింపేటప్పుడు ఏ గడి దగ్గర ఎక్కువసేపు పట్టేదని అడగాలి. పుట్టిన తేదీ దగ్గర అంటాడు. పింఛను కోసం వచ్చే పెద్దవాళ్ళలో చాలామందికి తమ పుట్టిన తేదీ తెలియదు. ఒక ముసలమ్మ 'ఉప్పెన నాటికి నా పెద్దోడు చంకలో ఉన్నాడు నాయనా' అంటుంది. దివిసీమను ముంచేసిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చిందని ఆ ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. పెద్దకొడుకుకు అప్పుడు ఏడాది అనుకుంటే, కాన్పు నాటికి ఆమెకు పద్దెనిమిదో ఇరవయ్యో అనుకుంటే, పుట్టిన సంవత్సరం 1956కు, 1958కి మధ్య ఎక్కడో తేలుతుంది. ఆధార్ కార్డులో మాత్రం జనవరి 1 అని ఉంటుంది, అలా జనవరి 1న పుట్టినవాళ్ళు ఆ వరుసలో ఇంకా ఎందరో ఉంటారు. అబ్బాయి క్రమంగా ఒక పుస్తకం పెట్టుకుని అందులో ఊరికి గుర్తున్న ఏళ్ళన్నీ రాసుకున్నాడు: ఉప్పెన, ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన 1983, మే నెలలో తుఫాను వచ్చిన 1990, కృష్ణా పుష్కరాలు జరిగిన 1980, 1992, 2004. ఎవరు వచ్చినా తేదీ అడగడం మానేసి, 'పుష్కరాలకు మీ అమ్మాయి ఎంత ఉందండీ' అని అడగడం మొదలుపెట్టాడు.

ఇక్కడి నుంచి వ్యాసం తానే నడుస్తుంది. గడిలో ఎనిమిది అంకెలు తప్పనిసరి, కానీ మనిషి దగ్గర ఉన్నది అంకెలు కాదు, జ్ఞాపకాలు. ఒక అంచనాను ఖచ్చితమైన తేదీగా రాసినప్పుడు ఏమి పోతుంది? ఆ తేదీలన్నింటినీ కలిపి ఎవరైనా లెక్క కడితే ఆ లెక్కను ఎంతవరకు నమ్మాలి? తాను గణాంకశాస్త్రం ఎందుకు చదవాలనుకుంటున్నాడో ఆ అబ్బాయి వేరే చెప్పనక్కరలేదు, ఈ ప్రశ్నలే చెబుతాయి. సహనం, బాధ్యత అన్న మాటలు ఎక్కడా వాడకుండానే అవి ఉన్నాయని చదివినవారికి తెలుస్తుంది. రెండు ప్రతులకూ విషయం ఒక్కటే, మనిషి ఒక్కడే. తేడా అంతా ఆ పుట్టిన తేదీ గడి దగ్గర ఆగడంలో ఉంది.

మేము న్యూజెర్సీలో ఉంటాము. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంది. అమ్మమ్మగారి ఊరికి వెళ్ళిన అనుభవం కూడా ఉంది. ఇలాంటి వ్యాసాలు ఇప్పటికే చాలా వచ్చేశాయని అంటున్నారు, నిజమేనా?

విషయం వల్ల ఏ వ్యాసమూ పాతబడదు, ముందే తెలిసిన ముగింపు వల్ల పాతబడుతుంది. అరంగేట్రం గురించిన వ్యాసం 'నాట్యం నన్ను నా మూలాలతో కలిపింది' అన్న చోటికే చేరుతుందని రెండో వాక్యానికే తెలిసిపోతే, మిగిలినది చదివేవారికి శ్రమ. అదే అమ్మాయి తరంగం నేర్చుకుంటున్నప్పుడు, ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడితే ఇంట్లోని కార్పెట్ మీద పళ్ళెం కదలలేదని, గ్యారేజీలో సిమెంటు నేల మీద సాధన చేస్తే ఆ చప్పుడుకు పక్కింటివాళ్ళు వచ్చి అడిగారని, వాళ్ళకు వివరించబోతే పళ్ళెం మీద ఎందుకు ఆడతారో తనకే తెలియదని అర్థమైందని రాస్తే, ఆ తరువాత ఏమైందో ఎవరైనా తెలుసుకోవాలనుకుంటారు.

ఊరి ప్రయాణం విషయంలో కొంచెం కఠినంగానే చెప్పాలి. సెలవులకు వెళ్ళి, అక్కడి పేదరికాన్ని చూసి చలించి, తన అదృష్టాన్ని గ్రహించి తిరిగివచ్చిన కథలో ఊరివాళ్ళంతా రాసేవారి మనసు మారడానికి పనికొచ్చిన సామగ్రిగా మిగిలిపోతారు. అడ్మిషన్ల అధికారులు ఈ ధోరణిని వెంటనే గుర్తుపడతారు. ఊరి గురించి రాయాలంటే అక్కడ ఒక మనిషితో నిజంగా జరిగిన సంభాషణ ఉండాలి, ఆ మనిషి రాసేవారి అభిప్రాయాన్ని కాదన్న క్షణం ఒక్కటైనా ఉండాలి.

వ్యాసాన్ని ఎలా మొదలుపెట్టాలి? మహనీయుల సూక్తితో మొదలుపెడితే బాగుంటుందా?

బాగుండదు. కలాంగారి మాటో, గాంధీగారి మాటో పెడితే ఉన్న కొద్ది పదాల్లో మొదటి ఇరవై వేరొకరికి ఇచ్చినట్టవుతుంది. అలారం మోగడం, గుండె దడదడలాడడం, చీకట్లో కళ్ళు తెరవడం వంటి సినిమా ప్రారంభాలు కూడా అంతే. అసలు విషయం ఎక్కడ మొదలవుతుందో అక్కడే మొదలుపెట్టండి. మొదటి ప్రతి రాసిన తరువాత తొలి పేరా కొట్టేసి చూడండి. చాలా వ్యాసాలకు రెండో పేరాయే నిజమైన ప్రారంభం.

కుటుంబ కష్టాల గురించి రాయాలా? కష్టాలు లేకపోతే నష్టమా?

రెండూ కాదు. కష్టం రాయాలనుకుంటే, అది ఎంత పెద్దదన్నదాని కన్నా, దాని మధ్య మీరు ఏమి చేశారు, ఏమి ఆలోచించారన్నదే ఎక్కువ చోటు తీసుకోవాలి. తండ్రి అనారోగ్యం వల్ల మొదటి సంవత్సరం మార్కులు తగ్గాయి, కోవిడ్ కాలంలో తరగతులు సాగలేదు వంటి వివరణలకు ప్రధాన వ్యాసాన్ని ఖర్చు చేయనక్కరలేదు. కామన్ యాప్‌లో సవాళ్ళు, పరిస్థితుల గురించి చెప్పడానికి 250 పదాల ప్రత్యేక విభాగం ఉంది, అదనపు సమాచారానికి మరో విభాగం ఉంది. అక్కడ అలంకారాలు లేకుండా, తేదీలతో, నాలుగైదు వాక్యాల్లో చెబితే చాలు. చెప్పడానికి మనసొప్పని బాధను సీటు కోసం బయటపెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు. పిల్లలను ఆ దిశగా నెట్టకండి.

కులం, జాతి, మతం గురించి రాయవచ్చా? 2023 కోర్టు తీర్పు తరువాత అది నిషిద్ధమని విన్నాము.

నిషిద్ధం కాదు. హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాలపై వేసిన దావాల్లో అమెరికా సుప్రీంకోర్టు 2023 జూన్ 29న తీర్పునిస్తూ, ప్రవేశాల్లో అభ్యర్థి జాతిని ఒక అంశంగా పరిగణించే పద్ధతిని కొట్టివేసింది. హార్వర్డ్ కేసులో ప్రధాన ఆరోపణ ఆసియా సంతతి అభ్యర్థుల పట్ల వివక్ష జరుగుతోందన్నది కాబట్టి తెలుగు కుటుంబాల్లోనూ దీని గురించి చాలా చర్చ జరిగింది. అయితే ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ అదే తీర్పులో, జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో అభ్యర్థి వ్యాసంలో రాసుకుంటే దానిని విశ్వవిద్యాలయం పరిగణించకుండా ఈ తీర్పు అడ్డుకోదని, కాకపోతే అది ఆ వ్యక్తి గుణానికో సామర్థ్యానికో ముడిపడి ఉండాలని స్పష్టం చేశారు. కనుక గుర్తింపును పేర్కొని ఊరుకోవడం వల్ల ప్రయోజనం లేదు. కులం గురించి రాసేవారు, చదివే వ్యక్తికి ఆ వ్యవస్థ తెలియకపోవచ్చునని గుర్తుంచుకుని, చరిత్ర పాఠంలోకి వెళ్ళకుండా, జరిగిన ఒక్క సంఘటన ద్వారానే అది అర్థమయ్యేలా రాయాలి.

తెలుగు మాధ్యమంలో చదివాను. నా ఇంగ్లీషు అంత గొప్పగా ఉండదు. ఏమి చేయాలి?

చిన్న వాక్యాలు రాయండి. వ్యాకరణం సరిగ్గా ఉండాలి, అంతకు మించి పాండిత్యం ఎవరూ అడగరు. శాట్ కోసం బట్టీ పట్టిన కఠిన పదాలను వ్యాసంలో గుప్పిస్తే భాష మీద పట్టు లేదన్న సంగతే బయటపడుతుంది. మొదటి ప్రతిని తెలుగులో రాసుకోవడం, లేదా ఎవరికో చెబుతున్నట్టు ఫోనులో రికార్డు చేసుకోవడం చాలామందికి మేలు చేస్తుంది, ఎందుకంటే తెలుగులో మాట్లాడేటప్పుడు వివరాలు వాటంతట అవే వస్తాయి, ఇంగ్లీషులో మొదలుపెడితే వచ్చిన పదాల చుట్టూ విషయం కుంచించుకుపోతుంది. తరువాత దానిని ఇంగ్లీషులో కొత్తగా రాయాలి, వాక్యానికి వాక్యం మార్చకూడదు. గోంగూర, చిట్స్, పుష్కరాలు వంటి మాటలు అవసరమైతే అలాగే ఉంచండి, పక్కనున్న వాక్యంతోనే అర్థం తెలిసేటట్టు చూడండి.

తల్లిదండ్రులుగా మేము ఎంతవరకు సాయం చేయవచ్చు? కన్సల్టెన్సీకి అప్పగిస్తే తప్పా?

చదవండి, ప్రశ్నలు వేయండి, అర్థంకాని చోట అర్థం కాలేదని చెప్పండి, అక్షరదోషాలు చూపించండి. కలం మాత్రం పట్టుకోకండి. తల్లిదండ్రులు దిద్దిన వ్యాసంలో నలభై అయిదేళ్ళ వయసు గొంతు వినిపిస్తుంది. అది పెళ్ళిచూపుల్లో అమ్మాయిని అడిగిన ప్రతి ప్రశ్నకూ మేనమామ జవాబు చెప్పినట్టు ఉంటుంది. ఉపాధ్యాయుల లేఖల్లోనూ, దరఖాస్తులోని చిన్న సమాధానాల్లోనూ ఒక మనిషి కనిపించి, ప్రధాన వ్యాసంలో మరొక మనిషి కనిపిస్తే చదివేవారికి అనుమానం రాకుండా ఉండదు.

మంచి సలహాదారు అడిగే ప్రశ్నల వల్ల విద్యార్థి ఆలోచన పదునెక్కుతుంది, అందుకు రుసుము తీసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ వివరాలు ఫారంలో నింపి ఇస్తే వారంలో వ్యాసం తయారుచేసి ఇస్తామనే చోటు నుంచి లేచి వచ్చేయండి. దరఖాస్తు పంపేటప్పుడు అందులోనిదంతా తన సొంత రచన అని విద్యార్థి ధ్రువీకరించి సంతకం చేయాలి. అది అబద్ధమని తేలితే ఇచ్చిన ప్రవేశాన్ని కూడా రద్దు చేయగలరు, అప్పుడు జవాబుదారీ పిల్లవాడే తప్ప కన్సల్టెన్సీ కాదు.

చాట్‌జీపీటీతో రాయించుకోవచ్చా?

కృత్రిమ మేధ రాసి ఇచ్చినదానిని సొంత రచనగా పంపడాన్ని కామన్ యాప్ 2023 నుంచి మోసం కిందనే లెక్కిస్తోంది. అక్షరదోషాలు చూసుకోవడం వంటి వాటి మీద ఒక్కో కళాశాల నియమం ఒక్కో విధంగా ఉంటుంది కాబట్టి దరఖాస్తు చేసే చోట నియమాలు చదువుకోవాలి. డ్యూక్ విశ్వవిద్యాలయం 2024లో వ్యాసాలకు అంకెల్లో స్కోరు ఇవ్వడమే మానేసింది. వ్యాసం అభ్యర్థి రచనా సామర్థ్యాన్ని ఖచ్చితంగా చూపుతుందని ఇక అనుకోలేమన్నది అందుకు ఒక కారణం. నియమాల సంగతి అలా ఉంచినా, యంత్రం రాసిన వ్యాసం పైన చూపిన మొదటి ప్రతిలాగే నునుపుగా, ఎవరిదైనా కాగలిగేలా ఉంటుంది. అవనిగడ్డ ముసలమ్మ చంకలో పెద్దకొడుకు ఉన్నాడన్న సంగతి దానికి తెలిసే వీలు లేదు.

'మా కళాశాలే ఎందుకు' అనే ప్రశ్నకు ఏమి రాయాలి?

ప్రధాన వ్యాసం కాకుండా చాలా కళాశాలలు తమ సొంత చిన్న ప్రశ్నలు ఇస్తాయి. స్టాన్‌ఫర్డ్ కాబోయే రూమ్‌మేట్‌కు ఒక ఉత్తరం రాయమంటుంది, షికాగో విశ్వవిద్యాలయం ఏటా చిత్రమైన ప్రశ్నలు ఇస్తుందని పేరు. వీటిలో 'మా కళాశాలే ఎందుకు' అన్నది అతి సులభంగా కనిపించి ఎక్కువమందిని దెబ్బతీసే ప్రశ్న. ర్యాంకు, అందమైన ప్రాంగణం, ప్రపంచస్థాయి అధ్యాపకులు అని రాస్తే ఆ సమాధానం ఏ కళాశాలకైనా అతుకుతుంది. ఆ విభాగపు వెబ్‌సైటులో కోర్సుల జాబితా చదివి, మీరు ఇప్పటికే చేస్తున్న పనికి ఏది ముందడుగో ఒకటి రెండింటిని పట్టుకుని, ఎందుకో చెప్పండి. అలా చెప్పగలిగినది ఏమీ దొరకలేదంటే, ఆ కళాశాల జాబితాలో ఉండాలా వద్దా అన్నది ఆలోచించుకోవలసిన విషయం.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలకు కూడా ఇదే వ్యాసం పంపవచ్చా?

పంపలేరు. బర్కిలీ, లాస్ ఏంజలస్ సహా డిగ్రీ కోర్సులున్న తొమ్మిది యూసీ ప్రాంగణాలకు వేరే ఉమ్మడి దరఖాస్తు ఉంది. ఎనిమిది ప్రశ్నలు ఇచ్చి నాలుగింటికి జవాబులు అడుగుతారు, ఒక్కోదానికి 350 పదాలు మించకూడదు. పంపే గడువు అక్టోబరు 1 నుంచి నవంబరు నెలాఖరు వరకు ఉంటుంది. శాట్ స్కోర్లను ప్రవేశ నిర్ణయానికి వారు చూడరు కాబట్టి ఈ జవాబుల బరువు మరింత పెరుగుతుంది. ఇక్కడ కథనం కన్నా నేరుగా, ఇంటర్వ్యూలో జవాబు చెప్పినట్టు రాయడం మంచిది. ఎంఐటీకి కూడా సొంత దరఖాస్తే ఉంది, అందులో ఒక పెద్ద వ్యాసానికి బదులు కొన్ని చిన్న జవాబులు రాయాలి.

ఇంగ్లండుకు, మన దేశంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు కూడా ఇది పనికొస్తుందా?

ఇంగ్లండుకు పనికిరాదు. అక్కడ యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తు విధానం ద్వారా పంపే పర్సనల్ స్టేట్‌మెంట్ పూర్తిగా చదవబోయే సబ్జెక్టు గురించే ఉండాలి. 2026 ప్రవేశాల నుంచి దానిని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు, మొత్తం ఖాళీలతో సహా 4,000 అక్షరాలు మించకూడదు. మన దేశంలో అశోక వంటి కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు అడిగే వ్యాసాలకు మాత్రం అమెరికా వ్యాసం కోసం చేసిన ఆలోచన ఉపయోగపడుతుంది.

జేఈఈ, ఎప్‌సెట్ సన్నాహం మధ్య దీనికి సమయం ఎక్కడిది?

ఇబ్బంది నిజమే. ముందస్తు దరఖాస్తుల గడువు చాలా చోట్ల నవంబరు 1 లేదా 15, మామూలు గడువు జనవరి మొదటి వారం, జేఈఈ మెయిన్ మొదటి విడత కూడా జనవరిలోనే. కాబట్టి ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిన వేసవిలోనే మొదలుపెట్టి, దసరా సెలవుల నాటికి ప్రధాన వ్యాసం ముగించడం క్షేమం. వేసవిలో రాయవలసింది వ్యాసం కాదు, రోజుకు అరపేజీ చొప్పున గుర్తొచ్చిన విషయాలు. వాటిలో ఒకటి తనంతట తాను పెరుగుతుంది. ఒక ప్రతి రాశాక వారం పాటు చూడకుండా పక్కన పెట్టండి, తిరిగి చూసేటప్పుడు పైకి బిగ్గరగా చదవండి. ఎక్కడ నాలుక తడబడుతుందో అక్కడ వాక్యం బాగాలేదు. చూపించేది ఇద్దరికి చాలు, ఒకరు మిమ్మల్ని బాగా ఎరిగినవారు, మరొకరు బొత్తిగా ఎరగనివారు. బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడితే పది రకాల సలహాలు వచ్చి, వ్యాసం అందరికీ నచ్చేలా తయారై ఎవరిదీ కాకుండా పోతుంది.

పంపే ముందు ఏమి చూసుకోవాలి?

ఒక కళాశాలకు రాసిన జవాబులో మరొక కళాశాల పేరు మిగిలిపోవడం ఏటా జరిగే పొరపాటు, పేర్లన్నీ ఒకసారి వెతికి చూడండి. వర్డ్ ఫైలు నుంచి అతికించినప్పుడు పేరాల మధ్య ఖాళీలు పోవచ్చు, అందువల్ల దరఖాస్తును పీడీఎఫ్ రూపంలో తెరిచి చివరి వాక్యం వరకు చదవండి. భారత కాలమానంలో గడువు ఎప్పుడు ముగుస్తుందోనని లెక్కలు వేస్తూ ఆఖరి రాత్రి వరకు ఆగకండి. ఒక కళాశాలకు పంపేసిన తరువాత తప్పు కనిపిస్తే, పంపినదానిని వెనక్కి తీసుకోలేరు గాని, ఇంకా పంపని కళాశాలల కోసం కామన్ యాప్‌లో ప్రధాన వ్యాసాన్ని సరిదిద్దుకోవచ్చు. ఒక అక్షరదోషం కోసమైతే పంపిన చోటికి క్షమాపణ ఈమెయిలు రాయనవసరం లేదు.